గొట్టంలో మిగిల్చిన దారం

"వాక్యూమ్ క్లీనర్ ఎక్కడుంటుంది మనింట్లో?" అనడిగాడు డెల్మార్, శనివారం పొద్దున వంటగది గుమ్మంలో నిలబడి.

మాకు పెళ్లయి ముప్పై ఒక్క ఏళ్లు. ఆ మాట అతని నోట వినడం అదే మొదలు. పాన్‌కేకు తిరగేస్తున్న అట్లకాడ గాల్లోనే ఆపి, ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు చూశాను.

"ఏం ఒలకబోశావు?"

"ఏం లేదు. విమానానికి కావాలి."

విమానమంటే మా గ్యారేజీలో పెరుగుతున్నది. నాలుగేళ్ల కిందట పెట్టెల్లో రేకులుగా దిగింది. పూర్తయితే ఇద్దరు పడతారు. మా విస్కాన్సిన్ పల్లెల్లో ఈ పిచ్చి పట్టినవాళ్లు మైలుకొకడు ఉంటారు. ఆ పెట్టెలు లోపలికొచ్చిన రోజున నా కారు బయటికి పోయింది, మళ్లీ లోపలికి రాలేదు. నాలుగు చలికాలాలు అద్దం మీద మంచు గీక్కుని పనికి పోయాను. మా అత్తగారు గుడ్రున్‌తో ఓసారి ఆ మాటంటే, "గ్యారేజీలో ఉన్నాడంటే బారులో లేడనే కదమ్మా, సంతోషించు" అంది. నిజమే, మామగారితో ఆవిడ పడ్డ పాట్లు ఆవిడవి. కానీ మంచు గీకేటప్పుడు ఆ సంతోషం వేళ్ల దాకా వచ్చేది కాదు.

సంగతేమిటంటే, రెక్క మొదలు నుంచి చివర దాకా లోపల ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంది. దీపాల తీగలన్నీ అందులోంచే పోవాలి. ముందు ఒక దారం పోతే, దాని తోకకి తీగలు కట్టి లాగొచ్చు. ఆ దారం తోస్తే పోదు, అవతలి కొసన గాలి పీలిస్తే పోతుందని విమానాల క్లబ్బులో ఎవరో చెప్పారట.

"ఇలా ఇచ్చెయ్, నేను చూసుకుంటా" అన్నాడు.

"నీకు దాంతో పడదు. దాని గొట్టానికి పగులుంది, అరచెయ్యి అడ్డం పెట్టాలి. ఎడం పక్క ఒక తన్ను తంతేగానీ మొదలవదు."

అలా నేనే తీసుకెళ్లాను. అప్పటిదాకా ఆ గ్యారేజీలో నా పని ఏమిటంటే కాఫీ తేవడం, రేకు అటు చివర పట్టుకోవడం, అతనికి కళ్లజోడు దొరకదు కాబట్టి నక్షాలు బిగ్గరగా చదివి వినిపించడం, ఏ రోజు ఏం చేశాడో అతను చెబుతుంటే నోటుపుస్తకంలో రాయడం. పుస్తకం నిండా నా చేతిరాతే. ప్రతి వాక్యంలోనూ డెల్మార్ ఇది చేశాడు, డెల్మార్ అది బిగించాడు.

గోళ్ల రంగు తుడుచుకునే దూదిలోంచి చిన్న ఉండ చేసి, నైలాన్ దారం కొసకి కట్టి గొట్టంలో పెట్టాను. అటు చివరికి వెళ్లి మిషన్‌ని తన్ని అరచెయ్యి అడ్డం పెట్టాను. దారపు కండెలోంచి దారం సర్రున కదిలి, నేల మీద గంతులేస్తూ గొట్టంలోకి పారిపోయింది. నాలుగు లెక్కపెట్టే లోపల దూది వచ్చి మిషన్ మూతికి టప్పున తగిలింది. నేను నవ్వాను. చాలా రోజులయింది అలా లోపల్నించి నవ్వొచ్చి. "ఇంకో రెక్క ఏది?" అన్నాను, చిన్నపిల్ల ఇంకో మిఠాయి అడిగినట్టు.

దారం పోయింది సరే, తీగల సంగతి చూద్దామని వంగాను. డెల్మార్ వాటి కొసలకి రాగి లగ్గులు, అంటే తీగని మరకి బిగించే తొడుగులు, పటకారుతో నొక్కి పెట్టుకున్నాడు. ఒకటి పట్టుకుని లాగాను. ఊడి చేతిలోకి వచ్చింది. రెండోదీ అంతే.

"ఇవి ఎవరు నొక్కారు?"

ఏదో గొణిగాడు.

ట్రాక్టర్లకి తీగల కట్టలు కట్టే ఫ్యాక్టరీలో నాకు పంతొమ్మిదేళ్లు. బల్ల మీద మేకులు, వాటి చుట్టూ రంగురంగుల తీగలు, ఎనిమిది గంటలు నిలబడి పని. మా బల్లల దగ్గర అందరం ఆడవాళ్లమే. సూపర్‌వైజర్ కుర్చీలో మాత్రం ఎప్పుడూ మగవాడే. ముగ్గురు సూపర్‌వైజర్లకి నేనే పని నేర్పాను. ముగ్గురూ "ఆర్లిస్ వేళ్లు బంగారం" అన్నారు. కుర్చీ ఖాళీ అయినప్పుడు మాత్రం ఆ బంగారం ఎవరికీ గుర్తుకు రాలేదు. ఇంటికొస్తే డెల్మార్ అనేవాడు, "నీకేం, చేతుల పనేగా, బుర్రకి అలసట ఉండదు."

ఆ చేతులతోనే లగ్గులన్నీ కోసి పారేశాను. ఫ్యాక్టరీ నుంచి నా సొంత పనిముట్టు తెచ్చుకుని మళ్లీ నొక్కాను. రెక్క కొసన దీపానికి ఒకటి, మినుకుమినుకు దీపానికి ఒకటి, దిగేటప్పుడు వెలిగే పెద్దదానికి లావు తీగ. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా దువ్వి జడలాగా పడుకోబెట్టి, రేకు అంచు తగిలేచోట రబ్బరు తొడిగాను. ఫ్యాక్టరీలో నా కట్ట ఏ ట్రాక్టరులోకి పోయిందో ఎప్పుడూ తెలిసేది కాదు. ఇక్కడ ప్రతి తీగా ఎక్కడికి పోతోందో నాకు తెలుసు. పాట దానంతటదే వచ్చింది. డెల్మార్ రెండుసార్లు తలెత్తి చూశాడు.

"గాలివేగం కొలిచే గొట్టానికి వేడి తీగ వద్దా?" అని, తీగలు గొట్టంలోకి లాగే ముందు అడిగాను. అది ఎడమ రెక్క కింద బయటికి పొడుచుకుని ఉంటుంది. చలిలో మంచు పట్టి మూసుకుపోతే వేగం తెలీదు.

"వద్దు. చలిలో ఎవడు ఎగురుతాడు?"

సరేనన్నాను. కానీ తీగలు లాగేటప్పుడు వాటి తోకకి ఇంకో దారం కట్టి, దాన్ని గొట్టంలోనే వదిలాను.

"అదెందుకు, దండగ?"

"ఉండనీ."

రెక్కలు మూసే ముందు క్లబ్బు పెద్దాయన ప్రొహాస్కా చూడ్డానికొచ్చాడు. అందరి విమానాలూ చూసిపెట్టేది ఆయనే. రెక్కలోకి టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. నేను రూబార్బ్ కేకు పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"డెల్మార్, ముప్పై ఏళ్లలో ఇంత శుభ్రమైన వైరింగు చూళ్లేదయ్యా."

డెల్మార్ మెడ ఎర్రబడింది. "థాంక్స్" అన్నాడు.

అంతే అన్నాడు. నా చేతిలో పళ్లెం ఒక్కసారి బరువెక్కింది. ప్రొహాస్కా ముక్క తీసుకుంటూ మర్యాదగా నావైపు తిరిగాడు. "మీరు కూడా సాయం చేస్తుంటారా?"

"ఆకలి వెయ్యకుండా చూసుకుంటుంది" అన్నాడు డెల్మార్.

వెళ్తూ వెళ్తూ ప్రొహాస్కా ఒక కాగితం ఇచ్చాడు. ఏటేటా విమానం విప్పి చూసి, బాగుందని సంతకం పెట్టే హక్కు కోసం పెట్టుకునే దరఖాస్తు. "కట్టినవాళ్లు ఎందరున్నా ఈ హక్కు ఒక్కరికే. ఇన్‌స్పెక్టర్ వచ్చి లోపల ఏది ఎక్కడుందో గుచ్చి గుచ్చి అడుగుతాడు. చెప్పగలగాలి."

"నా రాత కోడిగీతలు. ఆర్లిస్ నింపుతుందిలెండి."

నింపాను. ఇంజను నంబరు, రెక్కల కొలత, మొదలుపెట్టిన తేదీ, అన్నీ. పేరు రాసే గీత దగ్గర పెన్ను ఆగిపోయింది. అది ఖాళీగా వదిలి కాగితాన్ని ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద పెట్టాను. ఎందుకు వదిలావంటే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. పాలు తీసిన ప్రతిసారీ ఆ ఖాళీ నన్ను చూసేది.

తర్వాత రెక్కలు మూశాం. బయట అతను రివెట్టు కొడుతుంటే లోపల ఎవరో ఇనుపదిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఆ సందులో పట్టేది నా చెయ్యే. మా నాన్న పాలడెయిరీలో ఆవు కడుపులో దూడ అడ్డం తిరిగితే తమ్ముళ్లని కాదని నన్నే పిలిచేవాడు, నా చెయ్యి సన్నమని. భుజం దాకా లోపలికి పెట్టి, కంటికి కనపడని దాన్ని వేళ్లతో చూడాలి. రెక్కలోనూ అంతే. ప్రతి రివెట్టూ నా అరచేతిలో దడదడలాడి చల్లబడింది.

మూసిన మూడో వారం, శుక్రవారం చేపల విందులో, క్లబ్బువాళ్లు డెల్మార్‌ని పట్టుకున్నారు. "విస్కాన్సిన్‌లో వేడి గొట్టం లేకుండా ఎగురుతాడట. ఏడాదికి ఎన్నాళ్లు ఎగురుతావురా, జులైలో రెండు మంగళవారాలా?" బల్లంతా నవ్వింది. మర్నాడే వేడి గొట్టానికి కబురుపెట్టాడు. అది వచ్చింది. పెట్టె విప్పితే దాని వెనక రెండు తీగలు వేలాడుతున్నాయి. వాటిని చూశాడు, మూసిన రెక్కని చూశాడు. వెళ్లి బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

"నాలుగొందల రివెట్లు తొలచాలి" అన్నాడు. "తొలిస్తే రేకు చెడుతుంది. కొత్త రేకు తెప్పించాలి. ఇంకో చలికాలం."

ఇంకో చలికాలమంటే నా కారుకి కూడా. ఫ్రిజ్ మీది కాగితంలో ఖాళీకి బేరం పెట్టొచ్చు అనిపించింది, ఒక్క క్షణం. కప్పులో కాఫీ పూర్తిగా తాగాను. నాకు రావాల్సిన దానికి బేరమేమిటి అనిపించింది తర్వాత.

"దారం ఉంది" అన్నాను.

"ఏ దారం?"

"నువ్వు దండగన్నది."

రెక్క కిందున్న చిన్న మూత విప్పి చెయ్యి పెట్టాను. ఎక్కడ కట్టానో నా వేళ్లకి తెలుసు. తీగ కొసకి సబ్బు రాసి దారానికి కట్టాను. అతను రెక్క మొదట్లోంచి మెల్లగా అందించాడు, నేను ఇటు లాగాను. సగంలో డెల్మార్ తనంతట తానే "ఆగు" అని, తీగ తోకకి కొత్త దారం కోసి కట్టాడు. ముడి పడేదాకా ఆగి మళ్లీ లాగాను.

గొట్టం బిగించి, బ్యాటరీ కలిపాక స్విచ్చు నేనే వేశాను. రెక్క కిందకి వంగి ఆ గొట్టాన్ని పిడికిట్లో పట్టుకున్నాను. చల్లటి లోహం మెల్లగా వెచ్చబడింది, అప్పుడే పుట్టిన దూడ చెవిలా. వదలబుద్ధి కాలేదు. కాలేదాకా పట్టుకున్నాను.

డెల్మార్ తల గోక్కుంటున్నాడు. "ఇదెలా పోయిందని ఇన్‌స్పెక్టర్ అడిగితే ఏం చెప్పాలి?"

"నిన్నడగడులే" అన్నాను.

చేతులు కడుక్కుని వంటింట్లోకెళ్లి, ఫ్రిజ్ మీది కాగితం తీసి, ఖాళీ గీత మీద ఆర్లిస్ మేరీ టోలెఫ్‌సన్ అని రాశాను. అక్షరాలు కొంచెం పెద్దవే పడ్డాయి. మళ్లీ మాగ్నెట్ కింద పెట్టాను.

డెల్మార్ వెనకాలే వచ్చాడు. కళ్లజోడు వెతుక్కుని మరీ చదివాడు. మెడ మళ్లీ ఎర్రబడింది. కళ్లజోడు తీసి జేబులో పెట్టాడు.

"రేపు ప్రొహాస్కా వస్తాడు" అన్నాడు. "ఏం చెప్పను?"

"నువ్వు కూడా సాయం చేస్తుంటావని చెప్పు."

ముందు అతని ముక్కులోంచి వచ్చింది నవ్వు. తర్వాత పొట్ట కదిలింది. తర్వాత ఇద్దరం వంటగట్టు పట్టుకుని నవ్వాం.

ఎడమ రెక్కకి మూత బిగించడం మిగిలిపోయింది. స్క్రూడ్రైవర్ తీసుకుని గ్యారేజీకి వెళ్లాను. రెండో మరలో ఉండగా వంటింట్లో అల్మారా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న చప్పుడు.

"ఆర్లిస్, కేకు పిండి ఎక్కడుంటుంది మనింట్లో?"

నేను మూడో మర బిగించాను.