లిస్టులో తెలియని పేరు

టీవీలో బొమ్మ ఆగి, నడుమ గుండ్రంగా చుక్కలు తిరగడం మొదలైతే మా అత్త నాగేంద్రమ్మ ఎడమచేత్తో మంచం పట్టె కొడుతుంది. పక్షవాతానికి ఆమె కుడిచెయ్యి పడిపోయింది. మాట సగమే వస్తుంది. "పాయె... మళ్ళా పాయె" అని అరుస్తుంటే మెడ నరాలు ఉబ్బుతాయి. ఈమెకు కోపం రానీయకండి, పక్షవాతం రెండోసారి వస్తే మన చేతుల్లో ఉండదు అన్నాడు హిందూపురం డాక్టరు. అప్పటినుంచీ చుక్కలు తిరిగినప్పుడల్లా నేను టీవీని చూడను, అత్త నోరు వంకర పోతోందా అని చూస్తాను.

మాది పెనుకొండ పక్క పల్లె. మా అమ్మాయి స్నేహ బెంగుళూరు ఉద్యోగం మానుకుని వచ్చి, వేరుశనగ వేసే చేలో మల్బరీ పెట్టించింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో పట్టుపురుగులు మేపుతోంది. మొదటి పంట గూళ్ళు హిందూపురం మార్కెట్లో మంచి ధరకే పోయాయి. తర్వాత రెండు పంటలు వరసగా రోగమొచ్చి పోయాయి. మా ఆయన గోవిందు ఆ పిల్లను ఎదురుగా ఏమీ అనడు, నాతోనే అంటాడు.

"ఈ పంటా పోతే మల్బరీ పెరికిచ్చేస్తా. జేసీబీ ఆయప్పతో మాట్లాడినా. పాప మళ్ళా బెంగుళూరు పోనీ."

"అది వినేట్టు అనాకు" అంటాను నేను. అది వింటూనే ఉంటుంది.

ఈసారి పురుగులు నాలుగో జ్వరం దాటాయి. జ్వరమంటే రోగం కాదు, మేత మాని పడుకుని చర్మం విడిచే సమయం. ఆ తర్వాత వారం రోజులు రాక్షసుల్లా తిని గూడు కడతాయి. ఇంకా రెండు రోజులు ఆగితే చాలు. షెడ్డు గోడకు స్నేహ అగ్గిపెట్టె అంత డబ్బా ఒకటి బిగించింది. లోపల వేడెక్కితే తన ఫోను మోగుతుంది. ఫోనుతోనే మోటరు వేసే మా బోరు స్టార్టరుకు సిమ్ము ఉంది, ఊళ్ళో అందరికీ అంతే. దీనికీ సిమ్ము ఉంటుందనుకున్నాను. నేను అడగలేదు, అది చెప్పలేదు.

ఆ రోజు స్నేహ ధర్మవరం బయలుదేరింది. పురుగులు గూడు కట్టుకునే వెదురు తట్టలను చంద్రికలంటారు, అవి బాడుగకు మాట్లాడి రావాలి. మా ఆయన గొర్రెల బేరానికి చిలమత్తూరు పోయాడు.

"మా, వేడెక్కితే నాకు మోగుతుంది, నేను నీకు ఫోన్ చేస్తా. అప్పుడు పోయి నీళ్ళు చల్లే మోటరు ఏసి, కిటికీల గోనెపట్టలు తడుపు. అంతే."

"నువ్వు చెయ్యకపోతే?"

"చెయ్యలేదంటే అంతా బాగుండాదని. ఊరికే తలుపు తెరవాకు. అవ్వకు మందు పూసిన చేతుల్తో అసలే పోవద్దు, ఆ వాసనకే పురుగులు చస్తాయి."

"బస్సులో తల బయటికి పెట్టాకు."

"నేనేమన్నా ఒకటో తరగతా మా?" అని నవ్వి పోయింది.

పది గంటలకు టీవీ ఆగడం మొదలైంది. రెండు నిమిషాలు బొమ్మ, రెండు నిమిషాలు చుక్కలు. అత్త మంచం కొడుతోంది. పెనుకొండలో మాకు నెట్టు ఇచ్చే వెంకటేశులుకు ఫోన్ చేశాను.

"అక్కా, పైపు ఒకటి, బిందెలు ఇరవై. మీ ఇంటి నెట్టు కత అంతే" అన్నాడు. "రేపు పొద్దున వచ్చి టీవీకి నేరుగా వైరు లాగుతా. వైరేస్తే ఇంక ఆగదు. అంతవరకూ ఎవరెవరు వాడతాండారో చూసి, అక్కరలేనోళ్ళను తీసెయ్. నీ ఫోన్లో ఆప్ ఏసిచ్చినా కదా, దాంట్లో లిస్టు ఉంటాది. పేరు మీద నొక్కితే ఆపమంటావా అని అడుగుతాది."

"రేపటిదాకా మా అత్త ఉండొద్దా నాయనా?"

"ఏమక్కా, టీవీ ఆగితే మనిషి పోతాదా?"

అతను ఆ మాట అనకుండా ఉండాల్సింది, డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది.

నేను ఎనిమిది దాకా చదివాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటాను. ఇప్పుడు ఇంట్లో లేనివాటితో కలిపి లిస్టులో ఏడు పేర్లు. మా ముగ్గురి ఫోన్లు, టీవీ గుర్తుపట్టాను. రెండు ఫోన్లు పక్కింటి రామక్క మనవళ్ళవి. పాస్‌వర్డు అడిగి పోయినవాళ్ళు మళ్ళీ వదల్లేదు. ఏడోదానికి పేరే లేదు. ఉత్త అక్షరాలు, అంకెలు. ఎవరో మన నెట్టులో దూరి మోసాలు చేస్తే పోలీసులు మన ఇంటికే వస్తారని పేపర్లో చదివాను. స్నేహను స్టేషన్లో నిలబెట్టినట్టే కనపడింది. రామక్క మనవళ్ళను ఆపేశాను. ఏడోదాన్నీ ఆపేశాను.

టీవీ నిలకడగా ఆడింది. గంట, రెండు గంటలు, ఒక్కసారీ చుక్కలు రాలేదు. అత్త సగం నోటితో నవ్వింది. ఆ సంతోషంలో ఆమె భుజానికి మందు బాగా రుద్దాను.

రెండింటికి ఎండ తెల్లగా అయిపోయింది. షెడ్డు తలుపు దాకా పోయాను. రేకులు టపటపమంటున్నాయి. చేతులు వాసన చూసుకున్నాను, మందు. ఫోను చూసుకున్నాను, స్నేహ చెయ్యలేదు. చెయ్యలేదంటే బాగున్నట్టే అంది కదా అని తిరిగొచ్చాను. అట్లా మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చాను. ప్రతిదానికీ భయపడేదాన్ని, ఆ ఒక్కరోజు ధైర్యంగా ఉన్నాను.

నాలుగింటికి ఫోను మోగింది.

"మా, ధర్మవరం బస్టాండులో ఉండా. షెడ్డు బాగుండాదా? నాకు ఒక్కసారీ మోగలేదు."

"బాగుండాది పాపా" అన్నాను. చూడకుండానే అన్నాను.

ఆరింటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, షెడ్డు తలుపు తీసింది. నేను వాకిట్లోనే నిలబడ్డాను. మామూలుగా తలుపు తీస్తే ఆకు నమిలే చప్పుడు వాన పడ్డట్టు బయటికి వినిపిస్తుంది. ఏమీ వినిపించలేదు. లోపలికి తొంగి చూస్తే, మేత తట్టల అంచుల మీద పురుగులు చచ్చి తలకిందులుగా వేలాడుతున్నాయి. నోళ్ళనుంచి పచ్చటి నీళ్ళు కారుతున్నాయి.

"డబ్బా చెడిపోయింది మా" అంది. "అగ్గువకు వస్తాదని కొన్న్యా. నాదే తప్పు."

మా ఆయన వచ్చి చూసి, బయటికి పోయి జేసీబీ ఆయప్పకు ఫోన్ చేశాడు. "ఎల్లుండి పొద్దున రాప్పా" అనడం మాకు వినిపించింది.

తెల్లారి వెంకటేశులు వైరు చుట్టతో వచ్చాడు. స్నేహ, వాళ్ళ నాయన చచ్చిన పురుగులను పూడ్చడానికి తోటపక్కన గుంత తవ్వుతున్నారు. వైరు బిగించి, నా ఫోను తీసుకుని లిస్టు చూశాడు.

"ఇదేందక్కా, షెడ్డులో డబ్బాను ఆపేసినారే? ఎవరు చేసిండేది?"

"అది నెట్టు మీద నడుస్తాదా?"

"మరి దేని మీద నడుస్తాదనుకున్న్యావు? నేనే కదా స్నేహకు కలిపిచ్చింది." నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "పోనీలే, ఆపింది తీసేస్తా. మళ్ళా మామూలుగా నడుస్తాది, ఎవరికీ తెలీదు."

ఎవరికీ తెలీదు. డబ్బా చెడిపోయిందనుకుంటారు. నా బిడ్డ తన తప్పే అనుకుని బెంగుళూరు పోతుంది. అతని వేలు ఫోను మీదికి పోతోంది.

"తీయొద్దు వెంకటేశులూ. అట్లే ఇయ్యి."

ఫోను పట్టుకుని గుంత దగ్గరికి పోయాను. ఇద్దరికీ చూపించాను. ఎందుకు ఆపానో, ఎప్పుడు ఆపానో, చూడకుండానే బాగుంది అన్నానని కూడా చెప్పాను. స్నేహ ఆ అక్షరాలు, అంకెలు చూసింది.

"డబ్బాకు ఏదన్నా పేరు పెట్టుకోమని కలిపిన పొద్దే అడిగింది మా, ఈ ఆప్" అంది. "తర్వాత పెడదాంలే అనుకున్న్యా." నా ముఖం చూడలేదు. "ఒక్క ఫోన్ చేసింటే..." అని ఆపేసి మళ్ళీ పార తీసుకుంది.

మా ఆయన గుంత గట్టెక్కి మట్టి చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత ఫోను తీశాడు.

"ఏమప్పా, రేపు రావద్దు. ఈ వారం వద్దు. మళ్ళా చెప్తా."

అంతే అన్నాడు. ఇంకో పంట పెట్టమనలేదు. స్నేహ అడగలేదు.

ఇంట్లో టీవీ ఆగకుండా ఆడుతోంది, అత్త నవ్వు ఇక్కడికి వినిపిస్తోంది. నేను తొట్టి దగ్గరికి పోయి చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగి, వాసన చూసుకుని, పురుగుల మీద చల్లే సున్నం బకెట్టు ఎత్తుకుని గుంత దగ్గరికి పోయాను.