ప్రమాదం లేని రోజులు

భర్త చొక్కాకు ఇస్త్రీ చేస్తుంటే తెలిసింది ఆమెకు, ఈ ఏడాది ఫ్యాక్టరీ నడిపే పెద్దసారుకు రాబోయే బోనస్ ఎంతో. అదేదో తన జేబులోనే పడబోతున్నట్టు మురిసిపోతూ చెప్పాడు భర్త. అక్కడ రేకులు వంచే ప్రెస్సు మిషన్ల మీద పనిచేసే ఆడవాళ్లలో ఒకరు అంత సంపాదించాలంటే మూడొందల ఏళ్లు బతకాలి. ఆ మాటే పైకి అనేసింది.

"ఆయన మోసే బాధ్యత వాళ్లు మోస్తారా? ఏదన్నా జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయన," అన్నాడు భర్త.

"పొద్దున్నే మొగుడితో వాదనెందుకమ్మా, చొక్కా మాడుతుంది చూసుకో," అంది అత్తగారు మెత్తగా. ఆవిడ ఎప్పుడూ మెత్తగానే నోరు మూయిస్తుంది.

మొగుడూ పెళ్లాలు పనిచేసేది ఒకే ఫ్యాక్టరీలో. అతను షిఫ్టు మేనేజరు, ఆమె ప్రథమ చికిత్స గదిలో నర్సు. గేటు దగ్గర బోర్డు మీద "ప్రమాదం లేని రోజులు: 361" అని ఉంది. ఇంకో నాలుగు రోజులు గడిస్తే పెద్దసారుకు ఆ బోనస్, భర్తకు ప్రమోషన్. ఆ అంకె పక్కగా నడిచినప్పుడల్లా ఆమె తల తిప్పుకుంటుంది. దాన్ని నిలబెట్టింది తన చేతిరాతే మరి. నాలుగో నంబరు ప్రెస్సుకు, చేతులు లోపలికి పోకుండా ఒక జాలీ ఉండేది. అది లేకపోతే గంటకు నలభై రేకులు ఎక్కువొస్తాయని రెండు నెలల కిందట తీయించేశారు. ఆ తర్వాత ఇద్దరి వేళ్లు నలిగాయి. రెండుసార్లూ భర్త ఫోన్ చేశాడు, రెండుసార్లూ ఆమె "ఇంట్లో తలుపు సందున పడి" అని రిజిస్టరులో రాసి సంతకం పెట్టింది. ఊళ్లో తలుపులన్నీ ప్రెస్సు ఆడవాళ్ల వేళ్ల కోసమే కాచుక్కూర్చున్నాయి కాబోలు!

ఆ మధ్యాహ్నం మూడో మనిషి వచ్చింది, చేతికి చుట్టుకున్న గుడ్డ నిండా నెత్తురుతో. రెండు వేళ్లు లేవు. అంబులెన్స్ వచ్చేదాకా ఆమె ఆ చెయ్యి అదిమి పట్టుకునే ఉంది.

"అక్కా, తలుపనే రాయండి. నిజం రాస్తే నన్ను మళ్లీ పనిలోకి రానివ్వరు," అంది ఆ మనిషి.

వేళ్లు పోయినందుకు కాదు, పని పోతుందని ఏడుస్తోంది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అంబులెన్స్ వెళ్లిందో లేదో, భర్త ఫోన్.

"తలుపేగా? నాలుగు రోజులు ఓపిక పట్టు, మన బతుకు మారిపోతుంది."

"ప్రెస్సు ఆపారా?"

"ఆపితే ఎలా? ఇంకొకామెను కూర్చోబెట్టాను."

గోడ అవతల ప్రెస్సు దబ్బున పడింది. లేచింది. మళ్లీ పడింది. రెండు దెబ్బల మధ్యా ఒక చెయ్యి లోపలికి వెళ్లి వస్తోంది. ప్రతి దెబ్బకూ ఆమె ఊపిరి బిగబట్టింది, కేక వినబడుతుందేమోనని.

ఇక ఆగలేకపోయింది. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు నంబరు వెతికి ఫోన్ చేసి, మూడు ప్రమాదాలూ జరిగింది జరిగినట్టు చెప్పింది.

"జాలీ తీయమన్నది పెద్దసారేనా?" అడిగాడు అవతలి మనిషి.

"ఆయన సంతకం ఏ కాగితం మీదా ఉండదండీ. ఉన్నవి రెండే. తీయించినందుకు నా భర్తది, దాచినందుకు నాది. ముందు ఆ మిషను ఆపించండి."