ఆఖర్న వేసే నీడ

చెవి పక్క వెంట్రుకల దగ్గరికొచ్చేసరికి నీడల మాస్టారు ఎప్పట్లాగే ఊపిరి బిగపట్టారు. కంప్యూటరు తెర మీది పెళ్ళికొడుకుని నీలం గోడ నుంచి వేరుచేసి మంచుకొండ ముందు నిలబెట్టాలి. ఆ పెద్దమనిషేమో ఫోటో దిగిన రోజున చెమటలు కక్కుతున్నాడు. అంత మంచులో చెమటేమిటని జనం నవ్వరూ? నుదుటి మీద ఒక్కో బొట్టూ తుడిచి, చెంపలకి కాస్త చలి రంగు పూసి, అప్పుడు పాదాల కింద నీడ వేశారు.

నీడ ఎప్పుడూ ఆఖర్నే. "నీడ లేనివాడు అక్కడ నిలబడినవాడు కాదు, అతికించినవాడు" అనేవారు ఆయన. ఆ మాటే ఇంటిపేరైపోయింది.

కత్తెరా జిగురూ ఉన్న రోజుల నుంచి ఇరవయ్యారేళ్ళుగా ఆ ఫోటో స్టూడియోలో అదే మూల, అదే కిటికీ, ఒక కాలు పొట్టిదైన అదే కుర్చీ. ఫంక్షన్ హాళ్ళలో తెర మీద నడిచే స్లైడ్‌షోల కోసం గడప దాటని వాళ్ళని విమానాలెక్కించారు. పోయిన తాతని మనవడి పక్కన కూర్చోబెట్టారు. తల ఒకరిది, మొండెం ఒకరిది అయినా అతుకు కనిపించనిచ్చేవారు కాదు.

ఒక్క భార్య విషయంలోనే ఆయన చెయ్యి ఆడలేదు. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళు. మిగిలింది ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు మీది ఫోటో ఒక్కటే. అందులో మెడ కిందికి ఏమీ లేదు. వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా, ఆవిడకి మాత్రం విస్తరే పడలేదు. ఒకసారి భోజనాల వేళ ఎవరిదో మొండెం తెచ్చి ఆ ముఖం కింద పెట్టి చూశారు. పరాయి భుజాల మీద నుంచి తనవంకే చూస్తున్న భార్యని చూసి చప్పున చెరిపేశారు. ఆ పూట అన్నం సయించలేదు.

పదకొండింటికి ఒక పొట్టావిడ సంచీ నిండా పాత ఫోటోలు తెచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, రేపు పదింటికి రిటైర్మెంట్ సభ.

"ఇందులో నేను బాగా పడ్డాను మాస్టారూ. పక్కనోళ్ళందర్నీ తీసేసి నన్నొక్కదాన్నే ఏదన్నా పూలతోటలో పెట్టండి. నా భుజం మీద ఈ చెయ్యొకటి ఉంది, అది కూడా తీసెయ్యాలి."

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని వంగారు. ఆ చేతి చూపుడువేలికి గళ్ళ గుడ్డపేలిక చుట్టి ఉంది. సూది దిగిందని ఏడుస్తుంటే తన రుమాలు చింపి, ఆ పేలిక చుట్టింది తనే. చెయ్యి వెంబడే చూపు పైకి వెళ్ళింది. వరస చివర, తల నుంచి చెప్పుల దాకా నిండుగా, నవ్వుతూ తన భార్య.

"ఈమె ఎవరండీ?" అన్నారు.

"అదా? మా దగ్గర కాజాలు కుట్టేది. నవ్వడం మొదలెడితే ఆగేది కాదు. మా ఆయన సముద్రం చూపిస్తానన్నాడు అని ఏటేటా చెప్పేది. మీ ఆయన సముద్రం ఎండిపోయిందా ఏమే అని మేం ఆటపట్టించేవాళ్ళం. పాపం, పోయిందట."

"పోయింది" అన్నారు మాస్టారు.

ఆవిడ వెళ్ళాక ముందు భార్యని విడదీశారు. వెంట్రుక వెంట్రుకా, చీర కుచ్చిళ్ళు, తెగిన చెప్పుకి పెట్టిన పిన్నీసు. అంతా అయ్యాక చూస్తే చెయ్యి గాలిలో ఉంది. దేనిమీదో ఆనినట్టు వంగిన వేళ్ళు, వాటి కింద ఏమీ లేదు. ఆ చేతికో భుజం కావాలి. పరాయిది పనికిరాదు.

ఆయన లేచి వెళ్ళి, కెమెరా తుడుచుకుంటున్న ఓనరు ముందు నిలబడ్డారు. "నాకొక ఫోటో తీస్తారా? నిలువుగా, కాళ్ళతో సహా."

"ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టిందా! ఏంటి మాస్టారూ, పెళ్ళిచూపులా?"

"అలాంటిదే. కాస్త వంగి నిలబడతాను. భుజం సరైన ఎత్తులో పడాలి."

ఓనరు నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయాడు. లైటు సర్ది ఫోటో తీశాడు.

ఆయన దగ్గర పదకొండు సముద్రాలున్నాయి. సూర్యాస్తమయాలన్నీ పక్కన పెట్టేశారు. భార్య ముఖం మీద మిట్టమధ్యాహ్నపు ఎండ ఉంది, అందుకని ఎవరూ అడగని మధ్యాహ్నపు సముద్రాన్ని తీశారు. చెయ్యి భుజం మీద కుదిరింది. గుడ్డపేలిక తన చొక్కా మీద ఆనగానే ఆయనకి ఏడుపొచ్చింది, ఏడ్చారు కూడా. తర్వాత ఆవిడ పాదాల కింద పొట్టి నీడ వేశారు.

అప్పటికి నాలుగైంది. రేపు పదింటికి సభ. తన నీడ వదిలేసి సూపర్‌వైజరు ఫోటో తెరిచారు. ఆవిడ భుజం మీంచి భార్య చేతిని వేలు వేలుగా చెరుపుతూ, చెరిపినచోట జాకెట్టు నేతని తిరిగి అల్లుతూ కూర్చున్నారు. ఇంత కష్టమైన పని ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. షట్టరు దించేవేళకి అతుకు తెలియకుండా పూర్తి చేశారు.

"మీది కూడా అయిందా?" అనడిగాడు ఓనరు.

"నా నీడొక్కటి మిగిలింది. రేప్పొద్దున్నే వచ్చి వేస్తా. ఎంతసేపు, రెండు నిమిషాల పని."

ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు.

సూపర్‌వైజరు ఎనిమిదిన్నరకే వచ్చి తన ఫోటో చూసుకుని మురిసిపోయింది. "చెయ్యి ఉన్న ఆనవాలే లేదు! మాస్టారేరీ?" అంది. ఇంకా కబురందని ఓనరు, వచ్చేస్తారన్నాడు.

నాలుగోరోజున ఓనరే ఆ మూల కూర్చుని కంప్యూటరు తెరిచాడు. నీడ వెయ్యడం అతనికీ వచ్చు. మౌసు పట్టుకున్నాడు, కాసేపుండి వదిలేశాడు. ఫోటోని అలాగే అచ్చు తీసి, కిటికీ దగ్గర నిలబెట్టాడు. అందులో మధ్యాహ్నపు సముద్రం ముందు ఆవిడ చెయ్యి ఆయన భుజం మీద ఉంది. ఆవిడ పాదాల కింద పొట్టి నీడ, ఆయన పాదాల కింద ఉత్త ఇసుక.