ఈశాన్యం మూల తూము

మార్చి రెండో వారంలో మా పడకగది పైకప్పు కారడం మొదలైంది. రేణు మంచం పక్కకి లాగి, అక్కడ బకెట్ పెట్టింది. ఇల్లు కట్టాక ఇది రెండో శీతాకాలం. మినసోటాలో మేముండే వీధిలో ఏటవాలు కప్పు లేని ఇల్లు మాదొక్కటే.

డాబా ఇల్లు మా ఇద్దరి కోరిక. ప్లాను గీసింది మేధ, మా స్నేహితుల కూతురు, ఇక్కడే పుట్టి పెరిగిన ఆర్కిటెక్ట్. కప్పుని అన్ని వైపుల నుంచీ మధ్యకి కాస్త వాలుగా కట్టి, అక్కడ తూము పెట్టి, గొట్టాన్ని ఇంటి లోపలి నుంచే దించుతానంది. ఇంటి వెచ్చదనానికి అందులో నీళ్లు గడ్డకట్టవు. నేను తూమును ఈశాన్యం మూలకి మార్చమన్నాను.

"అక్కడ ఎండ రాదు అంకుల్. ఫ్రీజ్ అయిపోతుంది. ఎందుకు అక్కడ?" అంది.

వాస్తు మీద నాకు నమ్మకం లేదని చాలామంది దగ్గర గొప్పగా చెప్పుకున్నవాణ్ని. కానీ అంతకు ఏడాది ముందు ఉద్యోగం పోయింది. ఇంకోటి దొరకడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలల్లో నాలో ఏదో బెదిరిపోయి, ఆ తర్వాత మళ్లీ కుదుటపడలేదు. ఆ బెదురును ఒక చిన్నపిల్ల ముందు ఒప్పుకోలేకపోయాను.

"నాకు కాదమ్మా. మీ ఆంటీకి పట్టింపు. తన దగ్గర మాత్రం ఎత్తకు, బాధపడుతుంది."

ఆలోచించి ఆడిన అబద్ధం కాదు. ఎప్పటినుంచో లోపల సిద్ధంగా ఉన్నట్టు తడబడకుండా వచ్చింది. తూము మూలకెందుకు పోయిందని రేణు అడిగితే, మేధ డిజైన్ అన్నాను.

రేణు ఫార్మసిస్ట్. మా ఇంట్లో పంచాంగమే లేదు. అయినా గృహప్రవేశానికి మేధ గుడ్డు వేయని కేకు తెచ్చింది. మంగళవారం రావాల్సి వస్తే, పర్లేదా అని ముందుగా మెసేజ్ పెట్టేది. "ఈ పిల్లేంటి, నన్ను అమ్మమ్మని చూసినట్టు చూస్తుంది?" అని రేణు నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని.

శనివారం మేధ వచ్చి డాబా ఎక్కి చూసింది. మూలన తూము గడ్డకట్టుకుపోయింది. కరిగిన నీళ్లు పోయే దారి లేక నిలిచి, కప్పు మీద పరిచిన రబ్బరు పొర కిందికి దూరాయి. ఆమె దిగివచ్చి నా దగ్గరికి రాలేదు. రేణు ఎదురుగా కూర్చుంది.

"ఆంటీ, ఐయామ్ సో సారీ. తూము మిడిల్‌కి మార్చాలి, వేరే వే లేదు. మీకు వాస్తు ఎంత ఇంపార్టెంటో నాకు తెలుసు. అంకుల్ చెప్పద్దు అన్నారు, కానీ..."

రేణు నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అర్థంకాని మందు చీటీని ఒక్కో అక్షరం పోల్చుకుంటున్నట్టు చూసింది. అప్పుడు నేను ఒక్క మాట అంటే సరిపోయేది. బకెట్‌లో నీళ్లు ఎంత చేరాయో చూడ్డానికన్నట్టు పడకగది వైపు తల తిప్పాను.

"మార్చెయ్ తల్లీ. దేవుడికి నేను సర్దిచెప్పుకుంటాలే," అంది రేణు.

మేధ ఆమెను గట్టిగా కావలించుకుని బయటికి నడిచింది.

"ఇంకెవరికి చెప్పావ్?" రేణు అడిగింది.

"తూము సంగతి అడిగిన స్నేహితులకి. రాధారాణి గారికి, శ్యామ్‌సుందర్‌కి."

"అంటే అందరికీ. నేనింత భక్తురాలినని నాకు తప్ప." నవ్వబోయి ఆగింది. "ఆ పిల్లకి పని రాదేమో అని నిన్ననే అన్నాను. విని ఊరుకున్నావ్. భయమేస్తోందని నాతో అనుంటే, నేనే పెట్టమనేదాన్ని కదా దామోదర్, ఈశాన్యంలో."

తిట్టి ఉంటే నిలబడగలిగేవాణ్ని. కోటు వేసుకోకుండానే బయటికి వెళ్లాను. మంచు పడుతోంది. మేధ బ్రష్‌తో కారు అద్దం తుడుచుకుంటోంది.

"మీ ఆంటీ ఎప్పుడూ అడగలేదు," అన్నాను. "వాస్తు నాది. భయం నాది."

ఆమె చేయి ఆగింది.

"మరి ఆంటీ ఎందుకు ఏం అనలేదు?" అంది.

ఆమె బ్రష్ నా చేతికిచ్చి లోపలికి వెళ్లింది.

కిటికీలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. మేధ ముఖం కప్పుకుని తల అడ్డంగా ఊపుతోంది. రేణు ఆమె చేతులు విడదీస్తోంది. ఇద్దరిలో ఎవరు ఎవరికి క్షమాపణ చెబుతున్నారో నాకు తెలియలేదు. లోపలికి వెళ్లలేక ముందు అద్దం తుడిచాను. అది అయిపోయాక వెనక అద్దం మొదలుపెట్టాను.