మడతపడని కంప్యూటర్

"కాస్త ఆ పెట్టె తీసెయ్, భోంచేద్దాం."

భర్త ఈ మాట ఏనాడూ కోపంగా అనలేదు. కుర్చీ లాక్కుంటూ, ఫోన్ చూసుకుంటూ, ఫ్యాన్ వెయ్యమన్నంత మామూలుగా అంటాడు. ఆమె కూడా అంతే మామూలుగా చేస్తున్నది సేవ్ చేసి, ల్యాప్‌టాప్ మూసి, ఛార్జర్ తీగ చుట్టి, అన్నీ అల్మరాలో దుప్పట్ల మీద పెట్టి, బల్ల తుడిచి కంచాలు సర్దుతుంది. తినడాలూ కడగడాలూ అయ్యాక మళ్ళీ తీస్తుంది. ఏ వాక్యం దగ్గర ఆగిందో, ఆ పేజీని ఎలా సర్దాలనుకుందో గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పడుతుంది. గుర్తొచ్చేసరికి ఎవరికో టీ కావాలి.

ఆమె పని పుస్తకాలకు పేజీలు పెట్టడం. రచయిత పంపిన రాతను పుస్తకంగా నిలబెట్టాలి. అధ్యాయం ఏ వైపు మొదలవ్వాలి, అంచు ఎంత వదలాలి, పేరా చివరి మాట ఒక్కటీ దిక్కులేనిదానిలా తర్వాతి పేజీకి పోకుండా ఎలా ఆపాలి, ఇవన్నీ ఆమె చూసుకుంటుంది. చదివేవాడికి ఆ శ్రమ కనపడకపోతేనే పని బాగా చేసినట్టు. ఇంటి పనికీ ఇదే సూత్రం కాబట్టి ఆమెకు వేరే శిక్షణ అక్కర్లేకపోయింది. ఇంట్లో మాత్రం దాని పేరు టైపింగ్. "ఖాళీగా కూర్చోలేక ఏదో టైపింగ్ చేస్తుందిలే" అంటాడు భర్త వచ్చినవాళ్ళతో. ఆమె ఖాళీగా కూర్చున్న రోజు ఏదో ఆమెకే గుర్తులేదు.

ఆ ల్యాప్‌టాప్ కూడా ఆమెది కాదు. ఆ ఇంట్లో యంత్రాలు పైనుంచి కిందికి దిగుతాయి. భర్త కొత్తది కొనుక్కుంటే పాతది కూతురికి, కూతురికి మొహం మొత్తితే ఆమెకు. మూత మీద కూతురు అంటించిన పిల్లి బొమ్మ ఒక చెవి ఊడిపోయి ఉంటుంది. తెరవగానే భర్త పేరు కనిపించి స్వాగతం చెబుతుంది. పాస్‌వర్డ్ అతని మొదటి బండి నంబరు. తన పనిలోకి తాను వెళ్ళాలంటే రోజూ ఆయనగారి పేరు మీదుగానే వెళ్ళాలి.

ఇలా సాగుతుండగా ప్రచురణ సంస్థ సంపాదకురాలు ఫోన్ చేసింది. "ఇన్నాళ్ళూ నీకు దిద్దుబాట్లే ఇచ్చాను. ఈసారి పుస్తకం మొత్తం నువ్వే చెయ్యి. లోపలి పేజీలో నీ పేరు వేస్తాం. కాకపోతే మా ఆఫీసంతా మ్యాక్‌లు, నీది విండోస్. ఫైలు అటూ ఇటూ తిరిగేసరికి వరసలు జరిగిపోతున్నాయి, ఎవరో ఒకరు మళ్ళీ సర్దుకోవాల్సి వస్తోంది. నువ్వూ ఇటు వచ్చేసెయ్. కుదరదంటే మొహమాటపడకుండా చెప్పు, ఇంకొకరికి ఇస్తాను."

ఆ మాట భోజనాల దగ్గర చెప్పింది. డబ్బు తను దాచుకున్నదే కాబట్టి దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. "అలవాటైనదాన్ని వదిలేసి ఈ వయసులో కొత్తది నేర్చుకుంటావా?" అన్నాడు భర్త. "మొరాయిస్తే నన్ను పిలవకు. నాకు మ్యాక్ రాదు, ముందే చెబుతున్నా." కూతురు మూతి తిప్పింది. "అమ్మా, దాంట్లో మూసే గుర్తు కూడా ఎడమ పక్కనుంటుంది. పిచ్చెక్కుతుంది నీకు."

ఆమెకు నవ్వొచ్చింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజు ఏ స్విచ్చి ఏ దీపానిదో తెలియదు. చెంచాలు ఏ సొరుగులో ఉంటాయో, ఎవరికి టీలో చక్కెర ఎంతో, ఏ మాటకు ఎవరి మొహం మాడుతుందో అంతా కొత్తే. అలవాటైనదాన్నంతా వదిలేసి రావడం నీకు కష్టమేమో అని అప్పుడు ఒక్కరూ అడగలేదు. మూసే గుర్తు ఎడమ పక్కకు మారితే మాత్రం తట్టుకోలేదట. ఇక భర్తకు రాని యంత్రం అన్న ఆలోచన ఆమెను భయపెట్టలేదు సరికదా, కిటికీ తీసినంత హాయిగా అనిపించింది.

మర్నాడు వంటింట్లో కూరగాయలు తరుగుతూ అత్తగారు అడిగింది. "ఏం కొనాలనుకుంటున్నావమ్మాయ్?"

"ఇంకా తేల్చుకోలేదత్తయ్యా. ల్యాప్‌టాప్ అయితే మళ్ళీ ఎక్కడైనా పెట్టుకోవచ్చు."

అత్తగారు కత్తి ఆపి, ముందుగదిలో కిటికీ పక్కనున్న కుట్టుమిషన్ బల్ల వైపు చూపించింది. దాని మీద పాత పేపర్లూ, పేపర్ల మీద కొడుకు హెల్మెట్టూ ఉన్నాయి. "అదీ ఎక్కడైనా పెట్టుకునేదే. తల లోపలికి దించి పలక మూసేస్తే బల్లయిపోతుంది. వీధి వీధంతా నా దగ్గరే కుట్టించుకునేవాళ్ళు. మీ మామగారి స్నేహితులు వచ్చినప్పుడల్లా 'కాస్త దించెయ్, ఫ్లాస్కు పెట్టాలి' అనేవారు. దించేదాన్ని. ఒకసారి ఫ్లాస్కు తియ్యలేదు, నేనూ అడగలేదు." మళ్ళీ తరగడం మొదలుపెట్టి, చేతిలో పనికే చెబుతున్నట్టు అంది. "మడిచేది కొనకు."

షాపుకి భర్త కూడా వచ్చాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయితో, "మా ఆవిడకండీ, కాలక్షేపానికి. చిన్నది చాలు" అన్నాడు. ఆ అమ్మాయి అతని మాట విని, ఆమె వైపు తిరిగింది. "మేడమ్, మీరు ఏం పని చేస్తారు?"

అంత సూటిగా ఎవరూ అడగక చాలాకాలమైంది. "పుస్తకాలకు పేజీలు పెడతాను" అంది. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసి, "నా ఫైలు ఒకటి తెరిచి చూడొచ్చా?" అని అడిగింది.

ముందు సన్నటి ల్యాప్‌టాప్ మీద చూసింది. భర్తకు అది తెగ నచ్చేసింది. "ఎంత పల్చగా ఉందో చూడు! దుప్పట్ల మధ్య పెట్టినా తెలియదు." తర్వాత ఆ అమ్మాయి పెద్ద తెర ముందు కూర్చోబెట్టింది. అరచేతి కంటే కాస్త పెద్దదైన పెట్టె, దానికి విడిగా తెర, కీబోర్డు. ఫైలు తెరుచుకుంది. ఎడమ పేజీ, కుడి పేజీ పక్కపక్కనే, అసలు పుస్తకం విప్పి ఒళ్ళో పెట్టుకున్నంత సైజులో. ఇన్నేళ్ళూ సగం సగం పేజీలే చూస్తూ, మిగతా సగాన్ని తలలో మోస్తూ పనిచేసింది. కాపీ చెయ్యబోతే చిటికెనవేలు అలవాటుగా మూలనున్న మీటకు పోయింది, ఏమీ కాలేదు. "బొటనవేలు మేడమ్, స్పేస్‌బార్ పక్కన" అంది అమ్మాయి. ఈసారి అయింది. కుడి పేజీలో ఒక పేరా చివరి మాట ఒంటరిగా పై వరసలో నిలబడి ఉంది. ఆ తప్పు ఎప్పటినుంచి ఉందో! షాపులోనే దాన్ని సర్దింది.

"ఇది తీసుకుంటాను."

"డెస్క్‌టాపా? ఎక్కడ పెడతావ్?"

"పెట్టిన చోటే ఉంటుందండీ."

అతను ఇంకేదో అనబోయాడు గానీ, అమ్మాయి అప్పటికే డబ్బా తేవడానికి లోపలికి వెళ్ళింది.

భోజనాల బల్ల కిటికీ వైపు చివర ఆమె చోటు చూసుకుంది. ప్లగ్గు దగ్గర, వెలుతురు పక్కనుంచి పడేట్టు. తీగలు బల్లకాలికి కట్టింది. వెలిగించగానే తెర ఆమె పేరు అడిగింది. రాసింది. పాస్‌వర్డ్ అడిగింది. వేళ్ళు తమ పని తాము చేసుకుపోయి భర్త మొదటి బండి నంబరు కొట్టేశాయి. చుక్కలుగా కనిపిస్తున్న ఆ నంబరు వైపు ఒక్క క్షణం చూసి, నవ్వుకుని, ఒక్కొక్క చుక్కా చెరిపేసింది. కొత్తది ఏం పెట్టిందో ఎవరికీ చెప్పలేదు, అత్తగారికి కూడా.

వారం తిరిగేసరికి బొటనవేలు దారిన పడింది. సంపాదకురాలు పంపిన పుస్తకంలో మొదటి అధ్యాయం సగం దాకా వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో అందరూ ఉన్నారు. రెండు పేజీలూ ఎదురుగా పెట్టుకుని, ఎడమదాంట్లో ఒక వరస తగ్గించాలా, కుడిదాంట్లో ఒకటి పెంచాలా అని తూచుకుంటోంది. భర్త ఫోన్ చూసుకుంటూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

"కాస్త ఆ పెట్టె తీసెయ్, భోంచేద్దాం."

ఆమె చెయ్యి కూడా అలవాటుగా తెర పై అంచు దాకా వెళ్ళింది. మూయడానికి అక్కడ మూత లేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇది తీసేది కాదండీ," అంది తల తిప్పకుండా. "కంచాలు అటు చివర పెట్టండి. ఈ పేజీ అవగొట్టి వస్తాను."

భర్త బల్లను మొదటిసారి చూస్తున్నట్టు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. కూతురు లేచి వంటింట్లోంచి కంచాలు తెచ్చి అటు చివర సర్దడం మొదలుపెట్టింది. ముందుగదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"ఒరేయ్, కంచాల పని నీ కూతురు చూసుకుంటుంది. నువ్విలా రా. ముందు నీ హెల్మెట్టు దీనిమీదనుంచి తీసుకో. పలక తెరవాలి."