పడి లేచే సర్వరు

ఆసుపత్రి డేటాబేసును కనిపెట్టుకుని ఉండే ఆమెను అందరూ సర్వరమ్మ అంటారు. అది నడిచే సర్వరు కుప్పకూలితే రెప్పపాటులో దానంతటదే లేచేలా ఏర్పాటు చేసింది ఆమే. పెద్దసారు తెగ మురిసిపోయాడు. మురవక ఏం చేస్తాడు, ఫిర్యాదులు రావడం మానేశాయి మరి.

ఆ ఉదయం తెర చూసి ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. సర్వరు పడుతోంది, లేస్తోంది, మళ్ళీ పడుతోంది. ఎవడో దొంగ ఆసుపత్రిలోని ఏదో కంప్యూటరులో దూరి, లాగిన్ పేరు ఉండాల్సిన చోట చాంతాడంత పేరు పంపుతున్నాడు. దానికిచ్చిన జాగా చాలక మిగతాది పక్కకు పొర్లి, అక్కడున్న ఆదేశాలను చెరిపేస్తోంది. వాడి గురి తప్పినప్పుడల్లా సర్వరు పడుతోంది. కుదిరిందా, ఇక వాడు ఆడించినట్టల్లా ఆడుతుంది. పడ్డ ప్రతిసారీ లేపి వాడికి ఇంకో అవకాశం చేతిలో పెడుతున్నది ఆమె ఏర్పాటే. ఏ రోగికి ఏ రక్తం, ఎంత మందు, అన్నీ అందులోనే ఉన్నాయి. పైఅంతస్తులో ఆపరేషనుకు సిద్ధమవుతున్న నాన్నవి కూడా.

వార్డులకు ఫోను చేసి కాగితాల మీద కానిమ్మని చెప్పి, సర్వరును ఆపేసింది. ఆపాక గుర్తొచ్చింది, తానున్న ఈ సర్వరు గది తలుపు కార్డును సరిచూసేదీ ఆ డేటాబేసే. తాళంచెవులు పోతున్నాయని పెద్దసారు తాళమే పీకించేశాడు, మహానుభావుడు. లోపలి నుంచి తలుపు తీసే మీటనూ దానికే తగిలించారు. తలుపు కోసేవాళ్ళు రావాల్సిందే.

ఫోను మోగింది. నాన్న.

"ఎక్కడున్నావమ్మా? నిన్ను చూశాకే లోపలికి పోతానన్నాగా."

"వస్తున్నా నాన్నా," అనేసింది.

"మా అమ్మాయి వస్తోంది, కాస్త ఆగండమ్మా," అని ఆయన నర్సుతో అనడం వినబడింది.

ఆమె చేయి కీబోర్డు మీదికి పోయింది. నెట్‌వర్కు తీగ పీకి సర్వరును లేపితే తలుపుకు కబురు అందదు. తీగ ఉంచి ఒక్కసారి లేపితే తలుపు తెరుచుకుంటుంది. ఆ ఒక్కసారే వాడికీ చాలు. ఏడుపొచ్చింది. చేయి వెనక్కి తీసుకుంది.

"నాన్నా, అబద్ధం చెప్పా. గదిలో ఇరుక్కుపోయా, రాలేను. నువ్వెళ్ళు."

"ముందే చెప్పొచ్చుగా తల్లీ. పాపం అందర్నీ నిలబెట్టేశా." ఆయన నర్సు వైపు తిరిగినట్టుంది. "కానివ్వండమ్మా."

ఫోను పెట్టేయడం ఆయన మరిచిపోయాడు. మంచం చక్రాలు కదిలాయి. ఆమె తలుపుకు నుదురు ఆనించి, ఆ చప్పుడు వినబడినంతసేపూ విన్నది.