ఒకటో నంబరు రికార్డు

ఆదివారం మధ్యాహ్నాలు గడియారాల మెకానిక్ ఇంట్లో బరోక్ సంగీతం మోగేది. వీధిలోవాళ్లు ఓ పదిమంది వచ్చి కూర్చునేవాళ్లు. మూడొందల ఏళ్ల కిందటి ఆ యూరపు వాయిద్యాల మీద వాళ్లకి పెద్ద మోజేం లేదు గానీ, అతని దగ్గర మంచి కుర్చీలుండేవి. గోడ మీద 'నాకు ప్రాణమైన రికార్డులు' అని స్వదస్తూరీతో రాసిన జాబితా ఒకటి. అది రెండో నంబరు నుంచి మొదలయ్యేది.

"ఒకటోది ఏదండీ?" అని పక్కింటి టైలరమ్మ ప్రతివారం ఆటపట్టించేది.

"ఇంకా దొరకలేదమ్మా" అనేవాడు.

రికార్డుల సంగతి అందరికీ తెలిసిందే. ఎవరు విన్నా వాళ్ల చప్పుడు దానికి అంటుకుంటుంది. దగ్గు, నిట్టూర్పు, కూనిరాగం, ఏదైనా సరే. కొత్త చప్పుడు పాతదాన్ని కప్పేస్తుంది. అందుకే వచ్చినవాళ్లని ముందు అరుగు మీద బాగా దగ్గేసి లోపలికి రమ్మనేవాడు.

ఒకటో నంబరు నిజానికి బీరువాలో, బట్టల కింద ఉంది. సెల్లో, అంటే కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు, అదొక్కటే వాయించిన రికార్డు. అది అక్కది. అక్క బతికుండగా వారంలో ఇచ్చేస్తానని తెచ్చుకున్నాడు. ఆమె పోయిన నెలకి బావ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. బావ బస్సు డ్రైవరు.

"అందులో మీ అక్క కూనిరాగం ఉంది రా. ఒక్కసారి వింటాను."

"ఇల్లు మారినప్పుడు పోయింది బావా."

నోటికి ఎలా వచ్చిందో, వచ్చేసింది. పోనీ అక్క మీద ప్రేమకొద్దీ దాచుకున్నాడా అంటే అదీ కాదు. అంత చక్కటి రికార్డింగు మళ్లీ దొరకదని, అంతే. తల్చుకుంటే తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా పన్నెండేళ్లు తలుపు గడియ పెట్టుకుని వింటూనే ఉన్నాడు.

ఓ రోజు బావ చేతిగడియారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆడుతోందా ఇది? చెవి దగ్గర పెట్టుకున్నా తెలియట్లేదు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిది ఇంకో రెండు నెలలే అన్నాడు డాక్టరు."

గడియారం శుభ్రంగా ఆడుతోంది. మెకానిక్ దాన్ని విప్పి, మళ్లీ బిగించి, తల ఎత్తకుండానే ఇచ్చేశాడు.

మర్నాడే రికార్డు పట్టుకుని బావ ఇంటికి వెళ్లాడు. అప్పుడైనా నిజం చెప్పాడా?

"పాత పెట్టెలో పడుంది బావా. ఇన్నేళ్లూ నేను చూసుకోనే లేదు."

బావ చేతులు చొక్కాకి తుడుచుకుని రికార్డు అందుకున్నాడు. ప్లేయర్ మీద పెట్టి, కుడిచెవి స్పీకరుకి ఆనించాడు.

సెల్లో మొదలైంది. దాంతోపాటు మెకానిక్ కూనిరాగం మొదలైంది. శ్రుతి లేదు, సిగ్గూ లేదు. మధ్యలో 'ఆహా' అనడాలు, తొడ మీద తాళాలు, టీ జుర్రుకోవడం. రికార్డులో ఉన్న ఆరు సంగీతపు ముక్కల్లో మొదటి అయిదింట్లోనూ అతనే. అక్క జాడ ఎక్కడా లేదు. భూమి చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. బావ మాత్రం చెవి తియ్యలేదు.

ఆరోది చిందులేసే ముక్క. అలాంటివంటే మెకానిక్‌కి చిన్నచూపు. ఎప్పుడూ అయిదోది కాగానే ముల్లు ఎత్తేసేవాడు. అందుకని అందులో అతను లేడు. అక్క ఉంది. సెల్లోకి కాస్త వెనకగా, హాయిగా పాడుకుంటోంది. చివర్లో గొంతు పెంచి అడిగింది.

"ఏమండీ, టీ పెట్టనా?"

"పెట్టు" అన్నాడు బావ.

తప్పయిపోయింది బావా అనే మాట మెకానిక్ గొంతు దాకా వచ్చింది. ఇప్పుడు అంటే అది అక్క గొంతు మీద పడి కప్పేస్తుంది. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. బావ ముల్లు వెనక్కి జరిపాడు. ఈసారి "టీ పెట్టనా?" తర్వాత బావ "పెట్టు" కూడా వినబడింది.

ఆ రెండు నెలలూ మెకానిక్ రోజూ వెళ్లి, నోరు మూసుకుని కూర్చున్నాడు. రికార్డు ఆగాక బావ గుమ్మం దాకా వచ్చి సాగనంపేవాడు, అప్పుడు చెప్పొచ్చు. అక్కడ నోరు పెగిలేది కాదు.

కుడిచెవీ పోయాక ఇక ఆగలేక, జరిగిందంతా కాగితం మీద రాసి తీసుకెళ్లాడు. బావ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నీ నోటితో విందామని రోజూ గుమ్మం దాకా వచ్చేవాణ్ణి రా" అన్నాడు.